మళ్ళీచెప్పు సిస్టరూ, టీవీ గ్లాసూ

ఆవిడ ఒకరోజు టీవీలోంచి చెయ్యి బయటికి చాపి ఊళ్ళో ఉన్న గ్లాసులన్నీ లాగేసుకుంది. స్టీలువి, గాజువి, పళ్ళు తోముకునేటప్పుడు వాడే ప్లాస్టిక్‌వి, అల్మారాలో చుట్టాల కోసం దాచినవి, ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. ఆ పూట ఊరు ఊరంతా దోసిళ్ళతో నీళ్ళు తాగింది. నమ్మకం కుదరకపోతే ఊరి ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీకొట్టాయన్ని అడగండి. తనవి పదమూడు గ్లాసులు పోయాయని ఇప్పటికీ ముక్కు చీదుతాడు. నీ కొట్లో ఉండేవే పన్నెండు కదయ్యా అంటే, పదమూడోది కొనాలనుకున్నది అంటాడు.

ఇంతటి ఘనకార్యం చేసిన మనిషి ఏ తాడిచెట్టంత ఉంటుందో అనుకునేరు. ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. పిల్లల వార్డులో నర్సు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎడమ జేబులో చిన్న టార్చి, కత్తెర, తెల్ల ప్లాస్టర్ చుట్ట. కుడి జేబులో పెన్ను. ఆ పెన్నుకి ఒక బ్యాండేజీ పీలిక, ఆ పీలిక రెండో కొస చొక్కా గుండీకి కట్టి ఉంటుంది. డాక్టర్లకి పెన్నులు ఎత్తుకుపోయే జబ్బు ఉంది. ఈవిడ పెన్ను ఎత్తుకుపోవాలంటే ఈవిణ్ణి కూడా ఎత్తుకుపోవాలి. ఇరవై రెండేళ్ళలో ఆ సాహసం ఎవరూ చెయ్యలేదు.

ఆస్పత్రిలో అందరూ ఆవిణ్ణి మళ్ళీచెప్పు సిస్టర్ అంటారు. ముఖం మీద కాదు, వెనకాల. ముఖం మీద అంటే మళ్ళీ చెప్పమంటుంది.

నర్సుల పనిలో ఒక పద్ధతి ఉంది. డాక్టరు ఫోనులో మందు చెప్తే, విన్న నర్సు దాన్ని రాసుకుని, రాసుకున్నది ఫోనులోనే తిరిగి చదవాలి. డాక్టరు అవునన్నాకే సూది మందుసీసాలోకి దిగాలి. పదికీ పదిహేనుకీ మధ్య ఒక పసిప్రాణం ఉంటుంది గనక ఆ పద్ధతి. మిగతా వాళ్ళు డ్యూటీ అయిపోగానే దాన్ని తెల్లకోటుతో పాటు కొక్కేనికి తగిలించి ఇంటికి పోతారు. ఈవిడ దాన్ని ఇంటికి కూడా తీసుకుపోయింది.

కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి ఒకాయన ఆస్పత్రి కుట్టుగదిలో మిషన్ బిగించడానికొచ్చి, వారం పాటు బిగించిన మిషన్నే మళ్ళీ మళ్ళీ బిగించి, ఆఖరికి ధైర్యం కూడగట్టుకుని "మీరంటే నాకు ఇష్టమండీ" అన్నాడు. ఆవిడ "మళ్ళీ చెప్పండి" అంది. సిగ్గుపడుతోంది కాబోలు అనుకుని ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ చెప్పాడు. ఆవిడది సిగ్గు కాదు, అలవాటు. ఆ సంగతి పెళ్ళయ్యాక తెలిసిందని ఆయన ఇప్పటికీ వాపోతుంటాడు. అత్తగారి గోడు వేరు. "మా కోడలికి ఉప్పు తెమ్మని చెప్తే నా చేతే మూడుసార్లు చెప్పిస్తుందమ్మా. మూడోసారికి నాకే ఉప్పు అక్కర్లేదనిపిస్తుంది" అని పక్కింటావిడతో గోడ మీదుగా చెప్పుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఉప్పుకి బదులు పంచదార వచ్చిన రోజు మాత్రం ఒక్కటీ లేదు.

అలాంటి మనిషి ఒకే ఒక్క రోజు అడగడం మానేసింది. కథంతా అక్కడే ఉంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఊరి మంచినీళ్ళ గొట్టం ఒకటి మురికికాలవ పక్కన పగిలింది. మూడు రోజుల్లో పిల్లల వార్డు నిండిపోయింది. విరేచనాలు, వాంతులు, గుంటలు పడ్డ కళ్ళు. బాగా నీరసించినవాళ్ళని చేర్చుకుంటున్నారు, కాస్త ఫర్వాలేదనిపించినవాళ్ళకి ఓఆర్ఎస్ పాకెట్లిచ్చి ఇంటికి పంపుతున్నారు. ఆస్పత్రి పాకెట్‌లో ఉన్న పొడి మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి. కలిపి, చెంచా చెంచాగా పట్టాలి. అలా పడితే ప్రాణం నిలబెట్టే మందు అది. చిక్కగా కలిపితే మాత్రం పసివాళ్ళ ఒంట్లో ఉప్పు పెరిగిపోయి ఫిట్స్ దాకా పోతుంది.

ఆ సోమవారం వరస గేటు దాటి టీకొట్టు దాకా పోయింది. మళ్ళీచెప్పు సిస్టర్ పొద్దున తొమ్మిదికి కిటికీ ముందు నిలబడింది. పాకెట్ ఇవ్వడం, ఎలా కలపాలో చెప్పడం, తల్లి చేత తిరిగి చెప్పించడం, తర్వాతివాళ్ళని పిలవడం. ఒంటిగంట దాటాక మేట్రన్ వెనకనుంచి వచ్చింది.

"ఏమ్మా, పాకెట్లు పంచుతున్నావా, పాఠం ఒప్పచెప్పించుకుంటున్నావా? ఎండలో పిల్లలు వేలాడిపోతున్నారు, చూడు."

నిజమే, వేలాడిపోతున్నారు. ఆవిడ చేతులు వేగం పెంచాయి. చివరి ముప్ఫై మందికి "లీటరు నీళ్ళలో కలుపమ్మా" అని మాత్రం చెప్పి చేతిలో పెట్టేసింది. తిరిగి అడగలేదు. ఆ ముప్ఫై మందిలో ఇస్త్రీబండి నడుపుకునే ఒకావిడ ఉంది, భుజం మీద పద్నాలుగు నెలల పాపతో.

గురువారం ఆ పాప మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ. ఆరో మంచం ఇచ్చారు. ఫిట్స్ ఆగి, సెలైను నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు, మళ్ళీచెప్పు సిస్టర్ తల్లిని పక్కకి పిలిచింది.

"పొడి ఎలా కలిపావమ్మా?"

"గ్లాసులో, సిస్టరమ్మా."

"ఒక్క గ్లాసులోనా? పాకెట్ మొత్తమా?"

"మొత్తమే. చిక్కగా ఉంటే తొందరగా బలం వస్తుందనుకున్నా. రెండు రోజులు అలాగే పట్టా. మీ గోడ మీద బొమ్మలో కూడా గ్లాసే ఉంది కదమ్మా?"

ఆవిడ తలెత్తి గోడకేసి చూసింది. ఆరేళ్ళుగా ఆ పోస్టరు కిందుగా రోజుకి వందసార్లు తిరిగిన మనిషి, దాన్ని మొదటిసారి చూసింది. తల్లి, బిడ్డ, పాకెట్, పక్కనే నీళ్ళ గ్లాసు. తాగే గ్లాసు అన్న ఉద్దేశంతో వేసినవాడు వేశాడు. కలిపే గ్లాసు అన్న ఉద్దేశంతో చూసినవాళ్ళు చూశారు. "ఒక లీటరు" అన్న మాట అడుగున చీమలంత అక్షరాల్లో ఉంది. చదవడం రానివాళ్ళకి చీమలే అవి.

"నువ్వే కదమ్మా ఇచ్చావు" అంది తల్లి. నిందగా కాదు, గుర్తుచేసినట్టు.

"నేనే ఇచ్చాను."

వరస పెద్దదని చెప్పలేదు. మేట్రన్ తొందరపెట్టిందని చెప్పలేదు. జేబులోంచి ప్లాస్టర్ చుట్ట తీసింది. సాయంత్రానికి ఆస్పత్రిలో ఉన్న నలభై ఒక్క పోస్టర్లలో నలభై ఒక్క గ్లాసుల మీద తెల్ల ప్లాస్టర్ అడ్డంగా పడింది. ఎత్తుగా ఉన్నవాటికి చక్రాల కుర్చీ మీద నిలబడి మరీ అంటించిందంటారు. చక్రాల కుర్చీని ఎవరూ పట్టుకోలేదనీ, ఆవిడ చూసిన చూపుకి చక్రాలే కదలడం మానేశాయనీ కూడా అంటారు.

మేట్రన్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమిటే ఇది, గోడలకి దెబ్బలు తగిలాయా?"

ఆవిడ జరిగింది చెప్పింది. మేట్రన్ ముఖం మారింది. మంచి మనిషే, నోరే కాస్త తొందర. "కొత్త పోస్టరు కావాలంటే పై ఆఫీసుకి రాయాలి. మూడు నెలలు పడుతుంది" అని, "అయినా గోడల మీదవంటే అంటించావు. ఇళ్ళల్లో గ్లాసులకి ఏం అంటిస్తావమ్మా?" అంది.

ఆవిడ వెళ్ళి రిజిస్టరు తీసి, మళ్ళీ వచ్చిన పిల్లల తల్లుల్ని ఒక్కొక్కరినీ అడిగింది. ఆ వారంలో గ్లాసులో కలిపినవాళ్ళు ఏడుగురు తేలారు. ఆస్పత్రి దాకా రానివాళ్ళ సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

జవాబు సోమవారం వచ్చింది, తలుపు తోసుకుని, గంట మోగినట్టున్న గొంతుతో. పత్రికలతో, టీవీలతో ప్రజల ఆరోగ్యం గురించి ఎలా మాట్లాడాలో నర్సులకి నేర్పడానికి మూడు రోజుల శిక్షణ ఎప్పుడో ఖాయమైంది. నేర్పేవాడు ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివిన పెద్దాయన. ఆయన మంచినీళ్ళు అడిగినా ముఖ్యాంశాలు చదివినట్టుంటుంది. ఏ మాటైనా ముప్ఫై సెకన్లలో ముగించాలంటాడు గనక, మొదటి గంటలోనే నర్సులు ఆయనకి ముప్ఫై సెకన్ల మాస్టారు అని పేరు పెట్టేశారు.

మేట్రన్ పరిచయం చేస్తూ అసలు సంగతి చెప్పింది. "గురువారం మధ్యాహ్నం టీవీవాళ్ళు పది నిమిషాలు ఇస్తామన్నారు. విరేచనాల మీద, లైవ్‌లో. ఈ మూడు రోజుల్లో ఎవరు బాగా మాట్లాడితే వాళ్ళు వెళ్తారు."

ఊళ్ళో గ్లాసులన్నిటికీ ఒకేసారి అంటించే ప్లాస్టర్! మళ్ళీచెప్పు సిస్టర్ ముందు వరసలోకి వెళ్ళి కూర్చుంది.

శిక్షణ జరిగింది పాత పాఠాల గదిలో. మూల నిలబెట్టిన అస్థిపంజరం, చాక్‌పీసు దుమ్ము, ఒక రెక్క వంగిన ఫ్యాను. కెమెరా అంటే మాస్టారి సెల్‌ఫోను. దాన్ని సెలైను స్టాండుకి బ్యాండేజీతో కట్టారు. మైకు బ్యాటరీ చచ్చిపోవడంతో, మైకు అనుకోమని వార్డు టార్చి ఒకటి చేతికిచ్చారు.

అక్కడే వచ్చింది తంటా. టార్చి చేతిలో పడగానే మళ్ళీచెప్పు సిస్టర్ ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే చేసింది. టక్కున వెలిగించి మాస్టారి కుడికంట్లోకి కొట్టింది, తర్వాత ఎడమకంట్లోకి.

"రెండు పాపలూ సమానంగానే ఉన్నాయి సార్" అంది.

గది గొల్లుమంది. మాస్టారు కళ్ళు నులుముకుని, "సంతోషం సిస్టర్ గారూ. ఇప్పుడు దాన్ని మీ నోటి దగ్గర పెట్టుకుని మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి" అన్నాడు.

ఆవిడ గొంతు సవరించుకుంది. "నలభై ఆరేళ్ళ స్త్రీ. స్పృహలో ఉంది. జ్వరం లేదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. రెండుసార్లు నీళ్ళు తాగింది."

డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి రోగిని అప్పగించే తీరు అది. మనుషుల గురించి ఆవిడకి తెలిసిన మాటతీరు అదొక్కటే. వెనక వరసలో పాటల సిస్టర్ నవ్వు ఆపుకోలేక అస్థిపంజరం చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకి ఆ పేరు ఊరికే రాలేదు. సూది వేస్తూ పాట తీస్తుంది, పిల్లలు పాట వింటూ ఏడవడం మరిచిపోతారు. టార్చి చేతికివ్వగానే ముప్ఫై సెకన్లు అంటే ముప్ఫై సెకన్లే, తూచినట్టు చెప్పి, చివర ఒక చిరునవ్వు కూడా అతికించింది.

మళ్ళీచెప్పు సిస్టర్‌కి రెండో రోజూ కుదరలేదు, మూడో రోజూ కుదరలేదు. మాస్టారు యాంకరు వేషం కట్టి ఏం అడిగినా జవాబు సరిగ్గానే మొదలుపెట్టేది. చివరికొచ్చేసరికి "ఇప్పుడు నేను చెప్పింది మళ్ళీ చెప్పండి" అనేది.

"సిస్టర్ గారూ, అడిగేది వాళ్ళు. మీరు అడగకూడదు."

"అడక్కపోతే వాళ్ళకి అర్థమైందని నాకెలా తెలుస్తుంది సార్?"

"తెలియదు. టీవీలో తెలియదు. మీరు చెప్పి వదిలెయ్యాలి."

"చెప్పి వదిలేసే నేను ఒకసారి..." అంటూ ఆవిడ టార్చి బల్ల మీద పెట్టేసింది.

మాస్టారు కఠినుడు కాదు. గొంతు తగ్గించి వివరంగా చెప్పాడు. యాంకరు తప్పు మాట్లాడినా కాదనకండి, నవ్వి మీ మాటకి మీరు తిరిగి రండి. మీ వైపు పొరపాటు ఉంటే కెమెరా ముందు తవ్వుకోకండి. మౌనం అసలే వద్దు. టీవీలో ఐదు సెకన్ల మౌనం అంటే జనం చానల్ మార్చేస్తారు.

ఇంట్లో కూడా సాధన జరిగింది. కాలేజీకెళ్ళే కూతురు ఫోను పట్టుకుంది, భర్త కుట్టుమిషను మూత మీద చెయ్యేసి ప్రేక్షకుడై కూర్చున్నాడు. "నాన్నా, అమ్మ కెమెరాలోకి చూడట్లేదు. కెమెరాకి జ్వరం ఉందేమో అని చూస్తోంది" అంది కూతురు. ఆయన నవ్వబోయి, భార్య ముఖం చూసి మానేశాడు.

"ఆరో మంచం పాప ఎలా ఉందోయ్?" అన్నాడు.

"ఇవాళ పాలు తాగింది. తల్లిని గుర్తుపట్టింది. నన్ను చూసి ఏడ్చింది."

"ఏడ్చిందంటే బాగున్నట్టేగా?"

"బాగున్నట్టే" అని ఆవిడ గిన్నెలు సర్దుకుంది. "నేను బాలేను."

బుధవారం సాయంత్రం మేట్రన్ తేల్చేసింది. మాట్లాడేది పాటల సిస్టర్. పక్కన కూర్చుని పొడి కలిపి చూపించేది మళ్ళీచెప్పు సిస్టర్. "మీరు చేతులు మాత్రమే" అన్నాడు మాస్టారు, రెండు చేతులూ ఎత్తి చూపిస్తూ. ఆవిడ సరేనంది. ఇంటికెళ్ళి ఒక లీటరు నీళ్ళ సీసా కడిగి, ఆరబెట్టి, సంచిలో పెట్టుకుంది.

టీవీ వాళ్ళ గది చలిపెట్టెలా ఉంది. మూడు పక్కలా రంగుల గోడలు, నాలుగో పక్క తీగలూ బల్లలూ, వాటి వెనక కార్యక్రమం నడిపించేవాళ్ళు కూర్చునే అద్దాల గది. మాస్టారు అందులో నిలబడ్డాడు. కెమెరాలో పడేవి చేతులే గనక ఆవిడ చేతులకి పౌడరు రాశారు. ఆవిడ వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చింది. మళ్ళీ రాశారు. మళ్ళీ కడుక్కొచ్చింది. మూడోసారి ముస్తాబు చేసే మనిషే పౌడరు డబ్బాకి మూతపెట్టి దణ్ణం పెట్టేశాడు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. సీసా మీద కంపెనీ పేరు ఉందని, లైవ్‌లో ఆ పేరు కనపడకూడదని, ఎవరో వచ్చి దాన్ని బల్ల కిందకి తోసేశారు. దానికి బదులు తమ చానల్ గుర్తు వేసిన అందమైన గాజు గ్లాసు, నిండా నీళ్ళతో, బల్ల నడుమ పెట్టారు. ఆవిడ ఏదో అనబోయేలోపు ఎర్రదీపం వెలిగింది.

యాంకరు గాలికి కూడా చెదరని క్రాఫు ఉన్న కుర్రాడు. మర్యాదస్తుడే. పాటల సిస్టర్ని ప్రశ్నలు అడిగాడు, ఆ పిల్ల పాట పాడినట్టు చెప్పుకొచ్చింది. నీళ్ళు మరిగించి చల్లార్చాలి, చేతులు సబ్బుతో కడగాలి, తల్లిపాలు మానకూడదు, పాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి. అన్నీ ఒప్పే. మళ్ళీచెప్పు సిస్టర్ ఊపిరి పీల్చుకుంది. ఇంకో రెండు నిమిషాలుందనగా యాంకరుకి హుషారు పుట్టుకొచ్చింది.

"ఎందుకు, నేనే కలిపి చూపిస్తాను మన ప్రేక్షకులకి. ఎంత తేలికో చూడండి!" అని పాకెట్ చించి, పొడి మొత్తం ఆ గ్లాసులో కుమ్మరించి, చెంచాతో గిరగిరా తిప్పాడు.

పాటల సిస్టర్ ముఖంలో రంగు పోయింది. అయినా నేర్పింది నేర్పినట్టు చిరునవ్వు నవ్వి, "లీటరు నీళ్ళలో అండీ..." అని మెల్లగా తన మాటకి తాను తిరిగి వచ్చింది. "అవునవును, చూశారుగా!" అంటూ యాంకరు గ్లాసుని కెమెరా ముందుకి ఎత్తి పట్టుకున్నాడు. ఊరంతటికీ ఇప్పుడు కనపడుతున్నది ఆ గ్లాసు ఒక్కటే. గోడ మీద బొమ్మ బతికొచ్చి టీవీలో కూర్చున్నట్టుంది.

అప్పుడు ఆ బొమ్మలోకి ఒక చెయ్యి వచ్చింది. పౌడరు లేని చెయ్యి. గ్లాసుని యాంకరు వేళ్ళలోంచి తీసేసుకుంది.

"ఇది ఇటివ్వండి బాబూ" అంది గొంతు. "ఇందాక మా చెల్లి చెప్పింది కదా, ఎన్ని నీళ్ళలో కలపాలంది? మళ్ళీ చెప్పండి."

యాంకరు నోరు తెరిచాడు. "అదే... పాకెట్... నీళ్ళలో..."

"ఎన్ని నీళ్ళలో?"

"ఒక గ్లా..."

"మళ్ళీ."

అద్దాల గదిలో ఉన్న మాస్టారు రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు. ఆవిడ అటు చూడలేదు. బల్ల కిందకి వంగింది. లైవ్‌లో ఖాళీ కుర్చీ! నాలుగు సెకన్లు. పైకి లేచేసరికి చేతిలో లీటరు సీసా, సీసా మీద పేరు కనపడకుండా తెల్ల ప్లాస్టర్. ఆ చీకట్లో, అంత తొందరలో, అంత నున్నగా అంటించిందంటే ఆ చేతుల్ని మెచ్చుకోవాలి. కొత్త పాకెట్ చించి, సీసాలోకి పోసి, మూత బిగించి ఊపింది.

"ఇన్ని నీళ్ళలో. ఇది ఆస్పత్రి పాకెట్, లీటరుకి. కొట్లో కొన్నదైతే దాని వెనక ఎంత రాసి ఉంటే అంత. చదవడం రాకపోతే అమ్మినాయన్నే చదివి చెప్పమనండి. ఇప్పుడు చెప్పండి బాబూ."

"ఆస్పత్రి పాకెట్, లీటరు నీళ్ళలో" అన్నాడు యాంకరు, బల్లెక్కి నిలబడ్డ బడిపిల్లాడిలా.

"పిల్ల కక్కితే?"

"ఆపెయ్యాలా సిస్టర్?"

"ఆపకూడదు. పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో పట్టాలి. కలిపింది ఒక రోజు దాటితే పారబొయ్యాలి. పిల్ల మత్తుగా పడి ఉన్నా, ఉచ్చ పొయ్యకపోయినా, విరేచనంలో రక్తం కనపడినా పరిగెత్తుకు రావాలి."

ఆ తర్వాత ఆవిడ మొదటిసారి కెమెరాలోకి చూసింది. జ్వరం చూసినట్టు కాదు, కిటికీ అవతల నిలబడ్డ తల్లిని చూసినట్టు.

"పోయిన వారం ఒకమ్మకి పాకెట్ ఇచ్చి, ఎలా కలుపుతావమ్మా అని అడగలేదు. ఆవిడ గ్లాసులో కలిపింది. పిల్లకి ప్రాణం మీదికొచ్చింది. తప్పు ఆవిడది కాదు, నాది. మా గోడ మీద బొమ్మ కూడా తప్పే. అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. మీ పక్కన ఎవరుంటే వాళ్ళతో చెప్పండి, ఎన్ని నీళ్ళో. నేను ఆగుతాను."

ఆగింది. ఒకటి, రెండు, మూడు. లైవ్‌లో మౌనం. అద్దాల గదిలో ఎవరో చేతులు ఊపుతున్నారు, ఎవరో కుర్చీలోంచి లేచారు. ఐదు, ఆరు. ఆవిడ నాడి చూసేటప్పుడు నిలబడినట్టు కదలకుండా కూర్చుంది. పది సెకన్లు. ఆ పది సెకన్లలో టీకొట్లో నలుగురు, కుట్టుమిషన్ల దుకాణంలో ముగ్గురు, ఆవిడ ఇంట్లో అత్తగారు పక్కన ఎవరూ లేక గోడకేసి చూస్తూ, పైకే "లీటరు" అన్నారు. ఊరంతా ఒక్కసారిగా అన్న ఆ మాటకి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయని చెప్పేవాళ్ళున్నారు. కిటికీల సంగతి ఏమో గానీ, ఆస్పత్రి వరండాలో టీవీ కింద, పాపని భుజాన వేసుకుని నిలబడ్డ ఇస్త్రీబండి ఆవిడ ఆ మాట అన్నది మాత్రం మేట్రన్ చెవులారా విన్నది.

కార్యక్రమం అయ్యాక మాస్టారు గుమ్మంలో ఎదురొచ్చాడు. గొంతులో గంట పగిలినట్టుంది. "చేతులు మాత్రమే అన్నాను కదా సిస్టర్ గారూ."

"మొదట చేతులే వాడాను సార్."

పాటల సిస్టర్ వెనకనుంచి వచ్చి ఆవిడ భుజం మీద తల ఆనించింది. "అక్కా, నవ్వు తప్ప ఇంకేం గుర్తురాలేదు."

"నువ్వు సరిగ్గానే చెప్పావు చెల్లీ. వినేవాడు సరిగ్గా వినలేదు."

ఆ టీవీ ముక్క ఫోనుల్లో ఊరంతా తిరిగింది. బస్సు కండక్టరు టికెట్ అడిగినవాళ్ళని "మళ్ళీ చెప్పండి" అని ఆటపట్టించాడు. వీధిలో పిల్లలు ఒకడు యాంకరై, ఒకడు సిస్టరై గ్లాసులు లాక్కున్నారు. పై ఆఫీసువాళ్ళకి మూడు నెలలు పట్టాల్సిన కొత్త పోస్టరు పదకొండు రోజుల్లో వచ్చింది, సీసా బొమ్మతో. ఆ తర్వాతి వారం గ్లాసులో కలిపి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆపై వారం ఒక్కరూ లేరు. ఈలోపు గొట్టం కూడా బాగుచేశారనుకోండి. కానీ కిటికీ ముందు వరసలో నిలబడ్డ తల్లులు ఆవిడ అడక్కముందే "లీటరు సీసా సిస్టరమ్మా, చెంచాతో, కక్కితే పది నిమిషాలు ఆగి" అని గుక్క తిప్పుకోకుండా అప్పచెప్పేస్తున్నారు. ఆవిడకి అడగడానికి ఏమీ మిగలక, ఒక్కొక్కరినీ చూసి తల మాత్రం ఊపుతోంది.

టీవీలో వచ్చిన రెండో రోజే, శనివారం, ఆరో మంచం పాప ఇంటికెళ్ళింది. చీటీ, పాకెట్లు చేతికిస్తుంటే తల్లి తీసుకోలేదు.

"నేను చెప్పేది తర్వాత. ముందు నువ్వు చెప్పు సిస్టరమ్మా. అడక్కుండా ఇంకెవరికీ ఇవ్వనని."

వార్డులో అందరూ తలలు తిప్పారు. మేట్రన్ కూడా.

"అడక్కుండా ఇంకెవరికీ ఇవ్వను" అంది మళ్ళీచెప్పు సిస్టర్.

"మళ్ళీ."

"అడక్కుండా ఇంకెవరికీ ఇవ్వను."

అప్పుడు తీసుకుంది పాకెట్లు. పాప పోతూ పోతూ ఆవిడ గుండీకి కట్టిన పెన్ను పట్టుకుని లాగింది. పీలిక తెగింది. ఇరవై రెండేళ్ళలో ఏ డాక్టరూ చెయ్యలేని పని పద్నాలుగు నెలల మనిషి చేసేసి, పెన్నుతో సహా వెళ్ళిపోయింది. ఆవిడ వెనక్కి అడగలేదు.

ఆరు నెలలకి ఇంకో శిక్షణ పెట్టారు, వేరే ఆస్పత్రుల నర్సులకి. అదే గది, అదే అస్థిపంజరం, అదే వంకర ఫ్యాను. ముప్ఫై సెకన్ల మాస్టారు ఈసారి ఆవిణ్ణి కూడా తన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తన పాత సూత్రాల్లో రెండు కొట్టేశానని ముందే ఒప్పుకున్నాడు. ఏ రెండో చెప్పి, నర్సుల చేత తిరిగి చెప్పించాడు కూడా. అది ఎవరి దగ్గర నేర్చాడో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత గంట మోగించినట్టు లేచి నిలబడ్డాడు.

"ఈవిడ ఎవరో తెలుసా? టీవీలోంచి చెయ్యి బయటికి చాపి, ఊళ్ళో ఉన్న గ్లాసులన్నీ లాక్కున్న మనిషి!"

నలభై మంది చప్పట్లు కొట్టారు. మైకు బ్యాటరీ ఆ రోజు కూడా లేదు. టార్చి చేతికిస్తే, ఆవిడ దాన్ని వెలిగించబోయి ఆపుకుని, నోటి దగ్గర పెట్టుకుంది.

"అన్నీ కాదు. ఒక్కటి. ఆ యాంకరు చేతిలో ఉన్నది. కడిగి తిరిగి ఇచ్చేశాను."